గాలానికి స్కేట్ చేప తగిలితే: గుర్తించడం, విడిపించడం, నీటిలో వదలడం

అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో వసంతం చివరి నుంచి శరదృతువు వరకు ఇసుక నేల మీదికి ఎర వేసి కూర్చున్నవారికి, ఫ్లూక్ చేప కోసమో చారల బాస్ చేప కోసమో ఎదురు చూస్తుండగా, చాటంత వెడల్పున పలచగా ఉండే ఒక చేప ఏదో ఒక రోజు తగలక మానదు. న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి వైపు నుంచి తీరాన ఉన్న శాండీ హుక్‌కో, ఇంకాస్త దక్షిణాన బార్నిగాట్‌కో, కేప్ మేకో వెళ్లే మనవాళ్లు దానిని చూడగానే ‘టేకు’ అని కేక వేసి, ముందు తోక కోసెయ్యమంటారు. మన తీరంలో టేకు చేప తోకలో విషపు ముల్లు ఉంటుందని తెలిసినవారికి ఆ భయం కలగడం సహజమే. అయితే ఇక్కడ వేసవిలో ఒడ్డు దగ్గర తరచుగా దొరికేది క్లియర్‌నోస్ స్కేట్ అనే వేరొక చేప. దాని తోకలో విషం లేదు, పొడిచే శూలమూ లేదు. తోకను కోయవలసిన అవసరం లేకుండా దానిని ఎలా గుర్తుపట్టాలో, ఎలా పట్టుకోవాలో, గాలం ఎలా తీయాలో, తిరిగి నీటిలో ఎలా వదలాలో ఇక్కడ వివరిస్తాను.

ముందు తోక చూడండి

చేప ఒడ్డుకు వస్తున్నప్పుడే, చేయి వేయకముందే, తోకను చూడాలి. స్కేట్ తోక మొదట్లో లావుగా ఉండి క్రమంగా సన్నబడుతుంది, కొరడాలా పొడవుగా సాగదు. తోక చివరకు దగ్గరగా, పైభాగంలో, ఒకదాని వెనుక ఒకటిగా రెండు చిన్న రెక్కలు ఉంటాయి. నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగిన ఆనవాలు ఈ రెండు చిన్న రెక్కలే. టేకు జాతుల తోక సాధారణంగా సన్నని కొరడాలా ఉంటుంది, దాని చివర ఇలాంటి రెక్కల జంట కనిపించదు, తోక మీద రంపపు పళ్ల అంచులు గల శూలం ఒకటో రెండో ఉంటాయి. కౌనోజ్ రే అనే గోధుమరంగు టేకుకు ఆ శూలం తోక మొదట్లోనే, దాదాపు శరీరానికి ఆనుకుని ఉంటుంది కనుక తోక చివర పట్టుకుంటే చాలులే అనుకోవడం ప్రమాదకరం.

ముళ్లున్నంత మాత్రాన అది స్కేట్ అని తీర్మానించవద్దు. ఇదే తీరంలో తిరిగే రఫ్‌టెయిల్ టేకుకు తోక నిండా గరుకు ముళ్లుంటాయి, వాటితోపాటు విషపు శూలమూ ఉంటుంది. అది మనిషి చేతులు చాచినంత వెడల్పుకు కూడా పెరుగుతుంది. కనుక ముళ్లను కాకుండా రెక్కలను లెక్కపెట్టండి. రెండు రెక్కలూ కనిపించకపోతే, లేదా చీకట్లో కనిపించాయో లేదో తేల్చుకోలేకపోతే, ఆ చేపను టేకుగానే భావించి, దగ్గరకు లాగకుండా నీటిలోనే దారం తెంపి వదిలేయడం మంచిది.

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంది. అరుదుగా ఈ తీరానికి వచ్చే అట్లాంటిక్ టార్పీడో అనే విద్యుత్ చేపకు కూడా తోక మీద రెండు రెక్కలు ఉంటాయి. అయితే దాని శరీరం గుండ్రంగా, ఒక్క ముల్లు కూడా లేకుండా నున్నగా, ముద్దలా ఉంటుంది, తోక కొసన తెడ్డులాంటి వెడల్పాటి రెక్క మరొకటి ఉంటుంది. అది 220 వోల్టుల వరకు దెబ్బ కొట్టగలదు. నున్నగా, గుండ్రంగా, నల్లగా కనిపించే దానిని ఏ కారణంతోనూ ముట్టుకోవద్దు.

తోక పరీక్ష ముగిసిన తరువాత తల వైపు చూడండి. ముక్కు కొసకు రెండు పక్కలా చర్మం గాజులా పలచబడి, వెలుతురుకు ఎదురుగా పెడితే కాంతి అందులోంచి కనిపిస్తుంది. క్లియర్‌నోస్, అంటే తేటముక్కు, అన్న పేరు వచ్చింది దీనివల్లనే. పైభాగం గోధుమ, బూడిద రంగుల మధ్య ఉండి, ముదురు రంగు పొట్టి అడ్డగీతలు, మచ్చలు చెదురుమదురుగా పరుచుకుని ఉంటాయి. కింది భాగం తెలుపు. మెడ నుంచి తోక దాకా నడి వీపున ఒక వరుస ముళ్లు, కళ్ల దగ్గర, భుజాల దగ్గర మరికొన్ని ఉంటాయి. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లూయీ బోస్క్ 1800లో దీనికి పెట్టిన ‘ఎగ్లాంటీరియా’ అన్న పేరుకు ఈ ముళ్లే మూలం. ఫ్రెంచిలో ఎగ్లాంటియే అంటే అడవి గులాబీ పొద. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దీనిని రోస్ట్రోరాజా ఎగ్లాంటీరియా అంటున్నారు. పూర్తిగా ఎదిగిన చేప ముక్కు నుంచి తోక కొస వరకు రెండున్నర అడుగులకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది.

ముక్కు పక్కన ఆ తేటదనం కనిపించకుండా, చేప చిన్నదిగా, గుండ్రని అంచులతో ఉంటే అది లిటిల్ స్కేట్ కావచ్చు. అది చల్లని నీటిని ఇష్టపడుతుంది కనుక న్యూజెర్సీ ఒడ్డు దగ్గర శీతాకాలంలోనే ఎక్కువగా తగులుతుంది. పట్టుకుని వదిలే పద్ధతి రెండిటికీ ఒక్కటే.

ఎప్పుడు, ఎక్కడ తగులుతుంది

మసాచుసెట్స్ నుంచి ఫ్లోరిడా వరకు, అక్కడి నుంచి మెక్సికో సింధుశాఖ తీరం వెంట టెక్సాస్ వరకు ఈ జాతి ఉంది. ఉత్తరాన ఇది వసంతంలో ఒడ్డుకు చేరి, నీరు చల్లబడగానే లోతులకు, దక్షిణానికి వెళ్లిపోతుంది. ఫ్లోరిడా పశ్చిమ తీరంలో ఇందుకు భిన్నంగా శీతాకాలంలో ఒడ్డుకు వస్తుంది. కాబట్టి టాంపా వైపు ఉండే తెలుగువారు డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు, న్యూజెర్సీ, డెలావేర్, వర్జీనియాలలో ఉండేవారు మే నుంచి అక్టోబరు వరకు దీనిని ఎదురుచూడవచ్చు. డెలావేర్ అఖాతం, చెసపీక్ అఖాతం దిగువ భాగం దీనికి అనువైన చోట్లు.

ఇది పీతలు, రొయ్యలు, గుల్లలు, చిన్న చేపలు, స్క్విడ్ తింటుంది. స్క్విడ్ ముక్క గుచ్చి నేలకు తగిలేలా సీసపు గుండుతో దించిన ఎరను ఇది వదలదు. ఫ్లూక్ ఎర పట్టినప్పుడు గాలపు కర్రకు తెలిసే చురుకైన తట్టుడు ఇక్కడ ఉండదు. దారానికి తడిసిన గోనెసంచి తగులుకున్నట్లు ఒక బరువు తెలుస్తుంది, కాసేపటికి ఆ బరువు నేలకు అతుక్కుపోయి కదలదు. అప్పుడు బలంగా గుంజితే దారం తెగవచ్చు. దారం బిగువు సడలకుండా పట్టుకుని కొద్ది క్షణాలు ఆగితే అది తనంతట తానే నేల వదిలి పైకి లేస్తుంది. ఆ తరువాత తొందరపడకుండా చుట్టుకుంటే చాలు.

ఇసుకలో దాగి పడుకునే చేపలన్నిటి విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. మోకాలి లోతు నీటిలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి. స్కేట్ మీద కాలు పడితే చిన్న గీత మాత్రమే పడవచ్చు, టేకు మీద పడితే గాయం తీవ్రంగా ఉంటుంది. ఇసుక కదిలిన అలికిడికి రెండూ ముందే తప్పుకుంటాయి.

గాలం తీసే పద్ధతి

చేప ఒడ్డుకు రాకముందే మూడు వస్తువులు చేతికి అందేలా పెట్టుకోండి: పొడవాటి ముక్కు గల పటకారు, దారం కోసే కత్తెర, సముద్రపు నీటిలో తడిపిన పాత తువ్వాలు. చేప పైకి వచ్చాక వీటి కోసం సంచి వెతుక్కుంటూ ఉంటే, అది ఎండకు కాలిన ఇసుకలో పొర్లుతూ ఉంటుంది. చాలా చేపలు చచ్చేది గాలం గాయం వల్ల కాదు, ఈ ఆలస్యం వల్లనే అని నేను అనుకుంటాను.

చేపను అలలు తడుపుతూ ఉండే చోటికి జారనిచ్చి, తువ్వాలు దాని కింద పరచండి. చేతులు కూడా తడిపి ఉండాలి. తోక పట్టుకుని వేలాడదీయవద్దు. స్కేట్‌కు ఎముకలు లేవు, ఉన్నది మృదులాస్థి మాత్రమే. శరీరపు బరువంతా తోక మీద వేలాడితే వెన్ను దెబ్బతింటుంది, పైగా అది తోక విదిలించినప్పుడు ముళ్లు చేతికి గీసుకుంటాయి. కళ్ల వెనుక ఉన్న రెండు రంధ్రాలలో వేళ్లు పెట్టడం మరో పెద్ద తప్పు. పట్టు దొరుకుతుందని కొందరు అలా చేస్తారు కానీ, అవి చేప ఊపిరి పీల్చుకునే రంధ్రాలు. ఇసుకలో పడుకున్నప్పుడు నోరు కిందికి ఉంటుంది కనుక అది నీటిని ఈ పై రంధ్రాల నుంచి లోపలికి తీసుకుని, పొట్ట వైపు ఉండే అయిదు జతల మొప్పల చీలికల నుంచి బయటకు పంపుతుంది. ఆ చీలికలలోనూ వేళ్లు దూర్చకూడదు. పట్టుకోవలసిన చోటు రెండు పెద్ద రెక్కల ముందు అంచులు. చేప వెనుక వైపు నిలబడకుండా తల వైపు నిలబడి, రెండు చేతులతో రెండు పక్కలా, పళ్లెం ఎత్తినట్లు ఎత్తాలి, అరచేతులు పొట్ట కిందికి వెళ్లి బరువును మోయాలి.

నోరు కింద ఉంటుంది కాబట్టి చేపను తువ్వాలు మీద వెల్లకిలా తిప్పితేనే గాలం కనిపిస్తుంది. తిప్పిన వెంటనే తెల్లని పొట్ట మీద రెండు కళ్లు, నవ్వుతున్న నోరు ఉన్న పసిముఖం ఒకటి మీ వైపు చూస్తున్నట్లుంటుంది. పిల్లలు వెంట ఉంటే ఆ కళ్లు కళ్లు కావని, ముక్కు రంధ్రాలని చెప్పవచ్చు. తువ్వాలు అంచును తోక మీదికి కప్పి ఉంచితే ముళ్ల బెడద ఉండదు. స్కేట్ దవడలలో చీల్చే కోరలు లేవు గాని, గుల్లలను నలగ్గొట్టగల పళ్ల వరుసలు ఉన్నాయి కనుక వేలు నోటిలో పెట్టవద్దు. పటకారుతో గాలాన్ని వంపు దగ్గర పట్టుకుని, అది దిగిన దారినే వెనక్కి తిప్పి తీయండి. మొన బయటకు కనిపిస్తుంటే మొనను కత్తిరించి వెనక్కి లాగడం ఇంకా సులువు. గాలం గొంతులోకి దిగి కనిపించకపోతే లాగవద్దు. దారాన్ని నోటికి వీలైనంత దగ్గరగా కత్తిరించి చేపను వదిలేయాలి. గుండ్రంగా వంపు తిరిగిన సర్కిల్ గాలాలు వాడితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది, అవి సాధారణంగా నోటి మూలన తగులుకుంటాయి.

వెల్లకిలా ఉన్నప్పుడే ఆడా మగా తెలుసుకోవచ్చు. తోక మొదట్లో రెండు పక్కలా కాడల్లాంటి అంగాలు ఉంటే అది మగది, లేకపోతే ఆడది. ఆడ చేప అయితే దాని పొట్టను నొక్కకండి. గుడ్లు పెట్టే రుతువులో లోపల తయారై ఉన్న గుడ్డు తిత్తి ఒత్తిడికి బయటపడిపోవచ్చు.

వదిలేటప్పుడు దూరం నుంచి నీటిలోకి విసరవద్దు, కాలితో తోయనూ వద్దు. మోకాలి లోతుకు వెళ్లి, తలను వచ్చే అల వైపు ఉంచి, నీటిలో దించి, రెక్కలు ఆడించడం మొదలుపెట్టేవరకు తేలిగ్గా పట్టుకోండి. శక్తి వచ్చాక అది చేతిలోంచి జారి నేలను ఒరుసుకుంటూ వెళ్లిపోతుంది.

గాయమైతే

స్కేట్ ముళ్లలో విషం లేదు. దాని తోకలో సన్నని విద్యుత్ అంగాలు ఉన్నా, ఆ శక్తి మనిషికి తెలిసేటంతది కాదు. అయినా గీసుకున్న చోటును మంచినీటితో, సబ్బుతో కడగాలి. వేసవిలో, ముఖ్యంగా నదులు కలిసే చోట, వెచ్చని నీటిలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది కనుక కాలేయ వ్యాధి, మధుమేహం ఉన్నవారు చిన్న గాయాన్నీ తేలికగా తీసుకోకూడదు. ఎరుపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

పొరపాటున టేకు శూలమే గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, సుమారు 43 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అరగంట నుంచి గంటన్నర వరకు గాయాన్ని ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. చర్మం కాలకుండా నీటి వేడిని వేరొకరి చేతితో, లేదా గాయం లేని చేతితో చూసుకోవాలి. శూలం ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో దిగితే దానిని పీకకుండా అత్యవసర సేవల నంబరు 911కు ఫోన్ చేయాలి. మిగిలిన చోట్ల గాయమైనా, వేడి నీటి తరువాత ఆసుపత్రిలో చూపించుకోవడం అవసరమే, ఎందుకంటే శూలం ముక్కలు లోపల మిగిలిపోతుంటాయి.

ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే

ఈ చేప తినదగినదే. రెక్కల మాంసం నారలు నారలుగా విడివడుతుంది, రుచి తేలికగా ఉంటుంది. అయినా అనుభవం లేనివారికి వదిలేయమనే నా సలహా. తీసుకోదలచినవారు ముందుగా ఆ యేటి రాష్ట్ర నిబంధనలు చూసుకోవాలి. న్యూజెర్సీలో ఉప్పునీటి చేపల వేటకు లైసెన్సు లేకపోయినా 16 ఏళ్లు నిండినవారు ఏటా ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవాలి. డెలావేర్, మేరీలాండ్, వర్జీనియాలలో లైసెన్సు కావాలి.

స్కేట్ రక్తంలో, కండలో యూరియా ఎక్కువగా ఉంటుంది. చచ్చిన చేపను ఎండలో వదిలేస్తే ఆ యూరియా విరిగి అమ్మోనియాగా మారి, వండినా పోని ఘాటు వాసన పడుతుంది. కాబట్టి ఉంచుకోవాలని నిర్ణయించిన మరుక్షణమే చేపను చంపి, రక్తం కార్చి, రెండు రెక్కలు కోసి మంచులో పెట్టాలి. బకెట్‌లో పడేసి సాయంత్రం దాకా తిప్పి, ఇంట్లో వాసన అని విసుక్కోవడం సరికాదు. చర్మం గరుకుగా, గట్టిగా ఉంటుంది. రెక్కలను ఒకటి రెండు నిమిషాలు మరిగే నీటిలో ముంచి తీస్తే గీకి ఒలవడం సులువవుతుంది. తరువాత ఉప్పు, పసుపు పట్టించి కడిగి, చింతపండు పులుసులో వేయవచ్చు. మన టేకు పులుసుకు అలవాటుపడిన నోటికి ఇది కొత్తగా అనిపించదు. ముక్కలను గరిటెతో కలపకుండా గిన్నెను పట్టుకుని తిప్పితేనే అవి చెదరకుండా ఉంటాయి.

ఒడ్డున దొరికే గుడ్డు తిత్తులు

గాలం వేయనివారికి కూడా ఈ చేప ఆనవాలు దొరుకుతుంది. పోటు వెనక్కి పోయాక ఒడ్డున మిగిలే నాచు గీత వెంట నడిస్తే, నాలుగు మూలలా నాలుగు కొమ్ములున్న నల్లని తోలుసంచి లాంటిది కనిపిస్తుంది. అది స్కేట్ గుడ్డు తిత్తి. టేకులు పిల్లలను కంటాయి, స్కేట్లు గుడ్లు పెడతాయి. క్లియర్‌నోస్ తిత్తి కొమ్ములు కాకుండా 6 నుంచి 9 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. లిటిల్ స్కేట్ తిత్తి ఇంతకంటే చిన్నదిగా ఉంటుంది. ఎండిన తిత్తి ముడుచుకుపోతుంది కనుక ఒక రాత్రి నీటిలో నానబెట్టి, పూర్వపు ఆకారం వచ్చాక కొలవాలి. కొలత ఒక్కదానితోనే జాతి తేలదు, వింటర్ స్కేట్ అనే మరో జాతి తిత్తి కొలతలు కూడా దాదాపు ఇంతే.

తేలికగా ఉండి, ఒక అంచు విచ్చుకుని ఉంటే లోపలి పిల్ల వెళ్లిపోయిందని అర్థం, దానిని నిశ్చింతగా ఇంటికి తెచ్చుకోవచ్చు. బరువుగా, మూసుకుని, తడిగా ఉంటే సెల్‌ఫోను దీపాన్ని వెనుక పెట్టి చూడండి. పచ్చసొన ముద్ద, దాని పక్కన కదిలే సన్నని తోక కనిపిస్తే లోపల ప్రాణం ఉన్నట్లే, దానిని నీటిలో వదలండి. ఇంట్లో అక్వేరియంలో పొదిగించాలని ప్రయత్నించవద్దు. ఫ్లోరిడాలోని మోట్ సముద్ర పరిశోధన సంస్థ ఈ జాతిని ప్రత్యేక తొట్లలో పెంచినప్పుడు, ఆడ చేప కొద్ది రోజులకొకసారి జంటగా గుడ్లు పెడుతూ వచ్చింది, 20 నుంచి 22 డిగ్రీల నీటిలో గుడ్డు పొదగడానికి సుమారు 80 రోజులు పట్టింది. అంతకాలం నీటి చల్లదనాన్ని, ఉప్పదనాన్ని నిలకడగా ఉంచడం ఇంట్లో సాధ్యమయ్యే పని కాదు.

దీపపు వెలుగులో కనిపించే ఆ తోక కదలిక పిండం ఊపిరి. తిత్తి కొమ్ములలోని సన్నని చీలికలు కొంతకాలానికి తెరుచుకుంటాయి, పిల్ల తన తోకను ఒక కొమ్ములోకి చాచి ఆడిస్తూ తాజా నీటిని లోపలికి తోడుకుంటుంది. ఈ జాతి పిండాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వేటాడే చేపల ఊపిరి నుంచి వెలువడే విద్యుత్ స్పందనల వంటి బలహీన స్పందనలు తగలగానే పిల్ల తోక ఆడించడం ఆపి నిశ్చలంగా ఉండిపోవడాన్ని గమనించారు. అందువల్ల తోక కనిపించి, కదలిక లేకపోయినా వెంటనే చచ్చిందని తీర్మానించకండి. తిత్తిని ఒక గిన్నెడు సముద్రపు నీటిలో ఉంచి, నీడలో కదపకుండా రెండు మూడు నిమిషాలు ఆగి, మళ్లీ దీపం పెట్టి చూడండి.